మొదటి పేరు గురమ్మ

కంచరవలస,
గరివిడి దగ్గర.
జూలై 9

ప్రియమైన సుహాసినికి,

ప్రభువు దయవల్ల కుదురుగా ఉన్నావని తలుస్తాను. రెండుసార్లు ఫోన్ చేశాను. నేనొకటి చెబితే నువ్వొకటి జవాబిచ్చావు. చెవి మిషను పెట్టుకోమంటే కీచుమంటుందని తీసి డబ్బాలో దాస్తావు. అందుకే ఈ ఉత్తరం. అరవై దాటాక మనిద్దరికీ మళ్లీ పోస్టుమాను కావలసి వచ్చాడు.

ఇక్కడ వానలు. ఏడో తరగతి గది కప్పు ఒక పక్క కూలింది. రాత్రిపూట కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఏడో తరగతిని వరండాలోకి తెచ్చాను. ఎనిమిదీ తొమ్మిదీ ఒకే గదిలో కూర్చుంటున్నాయి, వీళ్లకి లెక్కలు చెబుతుంటే వాళ్లు కూడా వింటున్నారు. నేను నల్లబల్లకంటే గోడ పగుళ్లే ఎక్కువ చూస్తున్నాను.

ఇంజినీరు వచ్చి ఈ కట్టడం పనికిరాదని రాసి వెళ్లాడు. వచ్చే జూన్ నాటికి కొత్త గదులు లేకపోతే బడి ఎత్తేసి పిల్లల్ని మూడు ఊళ్ల అవతల బడిలో కలిపేస్తారట. మగపిల్లలు సైకిలెక్కి పోతారు. ఆడపిల్లల్ని ఈ ఊరివాళ్లు అంత దూరం పంపరు, నీకు తెలుసు.

ఒక మంచి మాట కూడా ఉంది. తాయారు గుర్తుందా? ఏడో తరగతిలో మన బెంచీలోనే కిటికీ పక్కన కూర్చునేది. దసరా సెలవుల్లో మేనత్త కొడుక్కిచ్చి పెళ్లి చేసేశారు, మళ్లీ రాలేదు. ఆమె కొడుకు దేవేంద్రకి పలాసలో జీడిపప్పు వ్యాపారం. గదులన్నీ తనే కట్టిస్తానని ముందుకొచ్చాడు.

కమిటీ కాగితం ఒకటి ఇందులో పెడుతున్నాను. స్థలం ఇచ్చిన కుటుంబం తరఫున నువ్వొక్కదానివే మిగిలావు కదా. చివర సంతకం పెట్టి పంపించు. మా పాస్టరు కృపానిధిగారు, ఆయనే కమిటీ పెద్ద, తొందర పెడుతున్నారు.

నీ
జ్ఞానం


శ్రీకాకుళం,
జూలై 24

ప్రధానోపాధ్యాయిని జ్ఞానసుందరిగారికి,

గారూ అన్నానని ఉలిక్కిపడకు, ఇంకా చదువు.

చివర సంతకం పెట్టమన్నావు గానీ మధ్యలో చదవొద్దని చెప్పలేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో కాగితాల మధ్యే జుట్టు నెరిసిన దాన్ని. చదవకుండా నా పెళ్లి శుభలేఖ కూడా ఒప్పుకోలేదు. రెండో పేజీలో ఉంది చూడు: 'గురమ్మ ఉన్నత పాఠశాల ఇకమీదట శ్రీమతి తాయారమ్మ ఉన్నత పాఠశాలగా పిలవబడును.' వానలు రాశావు, పగుళ్లు రాశావు, జీడిపప్పు కూడా రాశావు. ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నావు.

మా మామ్మ ఆ స్థలం ఇచ్చినప్పుడు వేలిముద్ర వేసింది, సంతకం రాదు గనక. బడికి ఆమె పేరు పెడతామన్నది మీ మిషన్‌వాళ్లే. పేరు మార్చాలంటే మా వంశంలో ఒకరు ఒప్పుకోవాలని రాసిందీ వాళ్లే. మామ్మ అడిగింది వేరు. "నన్ను బడికి ఎవులూ పిలవనేదు. రోజుకోసారి నన్ను పిలవండి, సాలు" అందట. మిషన్ దొరసానమ్మ నవ్వలేదట. ఆ మర్నాటి నుంచే ప్రతి తరగతిలోనూ హాజరుపట్టీలో మొదటి పేరు గురమ్మ. టీచరు పిలవగానే పిల్లలందరూ కలిసి "వచ్చింది టీచర్" అనేవాళ్లం. నువ్వూ అన్నావు, నేనూ అన్నాను. మామ్మ పోయిన మర్నాడు కూడా అన్నాం.

మా పొలాలు అమ్మేశారు. ఇల్లు ఎరువుల గోదాం అయింది. ఆ ఊళ్లో మాదంటూ మిగిలింది గేటు మీద మూడక్షరాలు. అవి కూడా చెరిపేయడానికి నా చేత్తో సంతకం కావాలా?

పెట్టను. కాగితం తిప్పి పంపుతున్నాను.

సుహాసిని


కంచరవలస,
ఆగస్టు 11

సుహాసినీ,

నువ్వు తిడతావని తెలిసే కాగితం చేత చెప్పించాను. తిట్టావు, అయిపోయింది. ఇప్పుడు నా మాట విను.

ఇది నాకు చివరి ఏడాది. ఏప్రిల్ ఆఖరున రిటైరవుతాను. రెండేళ్లుగా ఎక్కని గుమ్మం లేదు. కొందరు టీ ఇచ్చారు, కొందరు అదీ ఇవ్వలేదు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగితే దండం బొమ్మలు బస్తాడు వచ్చాయి, ఇటుక ఒక్కటీ రాలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థనకి కళ్లు మూస్తే నిద్ర పట్టేస్తోంది. దేవుడు క్షమిస్తాడు గానీ కృపానిధిగారు చూస్తున్నారు.

దేవేంద్ర చెడ్డవాడు కాదు. గొప్పలు పోయే రకం అంతకన్నా కాదు. నా ఎదురుగా కూర్చుని ఏమన్నాడో రాస్తాను. "మాయమ్మ ఈ గేటు ముందు నుంచే కూలికెళ్లీది టీచరుగారూ. తల వంచుకుని ఎల్లీది. ఒకసారి తలెత్తి సూసి తన పేరు సూడాల." ఆ మాటకి నేనేం చెప్పను? మా గురమ్మ ముందొచ్చింది, మీ అమ్మ వెనక నిలబడాలని చెప్పనా?

నీకు మీ మామ్మ పేరు కావాలి, న్యాయమే. నాకు ఆడపిల్లలు కూర్చోడానికి గది కావాలి. బడే లేకపోతే ఆ మూడక్షరాలు ఏ గేటు మీద పెడతావు? ఈ ఊళ్లో ఎవరూ పిల్లల్ని బడికి పంపుతున్నాం అనరు. "గురమ్మకి అంపుతన్నాం" అంటారు. ఫెయిలైతే "గురమ్మ తన్నీసినాది" అంటారు. ఆ నోళ్లలో పేరు మార్చడం నా వల్లా కాదు, దేవేంద్ర వల్లా కాదు.

కాగితం మళ్లీ పెడుతున్నాను. సంతకం పెట్టమని అడగను. అడిగి అడిగి నోరు నొప్పెడుతోంది.

జ్ఞానసుందరి


శ్రీకాకుళం,
సెప్టెంబరు 5

ఒసే జ్ఞానం,

ఇవాళ టీచర్ల పండగ కదా, అందుకని అలక మానేశాను.

సంతకం పెట్టాను. పెట్టేముందు ఆ కాగితం బల్ల మీద చాలా రోజులు పడి ఉంది. మా ఆయన దాని మీద కాఫీ గ్లాసు పెట్టి తిట్లు తిన్నాడు. గుండ్రటి మరక నీ కమిటీకి కనిపిస్తే నా కన్నీళ్లని చెప్పు.

నిజంగా ఏడవలేదు. ఓపిక లేదు. మామ్మ ఉంటే ఏమనేదా అని ఆలోచించాను. "గోడ మీద రాసింది నాను సదవగల్నేటి?" అనేది. ఆమెకి ఎప్పుడూ ఆ గేటు పట్టింపు లేదు. పొద్దున్న హాజరు వేళకి మాత్రం వీధి అరుగు మీదకి వచ్చి కూర్చునేది. మనం ఎంత గట్టిగా అరిస్తే అంత మురిసేది.

అందుకే ఒక్కటే షరతు. గేటు తాయారుకి ఇచ్చేశాను. పిలుపు మాత్రం ఇవ్వను. మొదటి పేరు గురమ్మే ఉండాలి, పిల్లలందరూ పలకాలి. మనం ఏడో తరగతిలో ఉండగా కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఈ గురమ్మ అన్ని తరగతుల్లోనూ ఉందేమిటి, ఒక్కదాంట్లోనూ కనపడదేమిటి?" అని నారాయణమ్మ టీచర్ని నిలదీశాడు, గుర్తుందా? ఆవిడ తడుముకోకుండా, "గైర్హాజరు వేయండి సార్, రేపు ఆవిడే వచ్చి మీతో మాట్లాడుకుంటుంది" అంది. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

నా చెవులు ఇంక రావు. డాక్టరు చెప్పేశాడు. అక్కడ రోజూ ఆ పిలుపు జరుగుతోందని తెలిస్తే చాలు, వినకపోయినా ఫర్వాలేదు.

సుహాసిని


కంచరవలస,
సెప్టెంబరు 20

ప్రియమైన సుహాసినికి,

కాగితం అందింది. దేవుడు నిన్ను దీవించును గాక. నేనొక్కదాన్నే అంటే చాలదని కృపానిధిగారి చేత కూడా అనిపించాను.

పాత గదులు పడగొట్టారు. పునాది తవ్వుతున్నారు. రోజంతా దుమ్ము, మిక్సరు మోత. పిల్లల్ని చర్చి హాల్లో కూర్చోబెట్టాను. నేనూ షీబా, ఇంకో టీచరూ, ముగ్గురమే. సగం పొద్దు ఫోన్లో వివరాలు ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కోవడంతోనే సరిపోతోంది. హాల్లో అందదు, గంటస్తంభం మెట్ల మీద నిలబడాలి.

నీ షరతు చదివాను. నీ మనసు నాకు తెలుసు.

ఒంట్లో నీరసంగా ఉంది, ఇంతకంటే రాయలేను.

నీ
జ్ఞానం


శ్రీకాకుళం,
నవంబరు 18

జ్ఞానసుందరికి,

మొన్న ఆదివారం కంచరవలస వచ్చాను. నువ్వు చర్చిలో ఉన్నావు, కబురు పెట్టలేదు. నిన్ను చూడటానికి కాదు వచ్చింది, తాయారుని చూడాలనిపించింది. మా గేటు పట్టుకుపోయిన మనిషి ఎలా ఉందో చూసి కాస్త కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆ సరదా కూడా తీరలేదు.

పెరట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకుంది. ఆమె మాటలు అర్థం కావాలని మిషను పెట్టుకుని, పక్కనే కూర్చున్నాను.

"ఒసే, గురమ్మ మనవరాలివి కాదేటి? రాయే, కూకో. గేటు మీద పేరు నానడగనేదే. అది మా గుంటడి సరదా. కాదంటే సిన్నబుచ్చుకుంటాడు. రాతలు సదూకున్నోలకి గావాల. నాకేటికి?"

తరవాత నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది. "ఒకటడుగుతాను సెప్పు. నానెల్లిపోనాక నన్నెన్నాల్లు పిలిసినారే?"

ఏ పిలుపో నాకు అర్థం కాలేదు.

"అదేనే, ఆజరు. పెల్లయినాక గడ్డి కోస్తా బడిగోడ అవతల నిలబడి ఇనీదాన్ని. గురమ్మ పేరు ఇనబడీది. తరవాత మీ పేర్లు. నా పేరు కాడికొచ్చీసరికి మా అత్త కేకేసీది. ఒక్కనాడూ ఇననేదు. పిలిసినారో నేదో."

నాకు గుర్తులేదే జ్ఞానం. అదే బెంచీలో కూర్చున్నాను, అయినా గుర్తులేదు. ఏదో ఒకటి చెప్పాలని, "ఇప్పటికీ పిలుస్తారే, గురమ్మ పేరు ఇప్పటికీ పిలుస్తారు, అందుకే గేటు నీకిచ్చేశాను" అన్నాను. అక్కడే ఆమె తమ్ముడి మనవరాలు నీలవేణి ఉంది, మీ బడిలో ఏడో తరగతి. "పేర్లు పిలవరండి. టీచరు మమ్మల్ని సూసి ఫోన్లో నొక్కేస్తారు" అంది. ఆ పిల్లకి గురమ్మ అంటే బడి పేరనే తెలుసు, మనిషని తెలియదు. ఎప్పటి నుంచి పిలవడం లేదని అడిగితే, తను పెద్దబడికి వచ్చినప్పటి నుంచీ అంతే అంది.

అంటే నేను షరతు రాసిననాటికే పిలుపు లేదు. నా ఉత్తరం చదివి, నా మనసు నీకు తెలుసని రాశావు. తెలిసే రాశావా?

కోపం లేదు. నాకు చాలా అలసటగా ఉంది.

సుహాసిని


కంచరవలస,
డిసెంబరు 3

సుహా,

తెలిసే రాశాను. నిజం రాస్తే సంతకం రాదని భయం. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. రెంటికీ మధ్యగా, నీ మనసు నాకు తెలుసని రాసి కవరు అంటించేశాను.

పిలుపు ఎలా పోయిందో కూడా విను. ఎవరూ ఆపమనలేదు. ఫోన్లో హాజరు వచ్చింది, పొద్దున్నే వేళకి ఎక్కించాలి, లేకపోతే సంజాయిషీ. గురమ్మ పేరు ఎక్కిద్దామని చూశాను. ఆధార్ నంబరు అడిగింది. మీ మామ్మకి ఆధార్ ఎక్కడ తెచ్చేది? సరే, ఫోన్ పని అయ్యాక నోటితో పిలుద్దామనుకున్నాం. ఒకరోజు వాన, ఒకరోజు ఆఫీసు నుంచి మీటింగు. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అని అలా అలా మానేశాం. మానేశామని కూడా చాలా రోజులు ఎవరం అనుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు చర్చి హాల్లో ఏడో తరగతి ముందు నిలబడి "గురమ్మ" అని పిలిచాను. ఎవరూ పలకలేదు. కొత్తపిల్ల ఎవరైనా వచ్చిందేమోనని అందరూ వెనక్కి తిరిగి చూశారు. కుర్చీ లాక్కుని కూర్చుని మీ మామ్మ కథంతా చెప్పాను. మర్నాడు పలికారు. ఇప్పుడు బాగా పలుకుతున్నారు, షీబా చెవులు మూసుకుంటోంది.

తాయారు అడిగినదానికి నాకూ జవాబు తెలియదు. నారాయణమ్మ టీచరు ఆ పేరు దగ్గర కొన్నాళ్లు ఆగి ఉంటారు. తరవాత ఒకరోజు ఆగకుండా కింది పేరుకి వెళ్లిపోయి ఉంటారు. మనం తలెత్తి ఉండం.

తాయారు కొడుకుతో గేటు వద్దని చెప్పి చూసిందట. అతను రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. "రాసుకోనీరా బాబూ" అని ఊరుకుంది. కాబట్టి గేటు ఎలా అనుకున్నామో అలాగే. అది ఇంక నా చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు.

నా చేతిలో ఉన్నది ఒకటుంది. గదులు తెరిచే రోజు ఏడో తరగతిలో నేనే హాజరు పిలుస్తాను. మొదట గురమ్మ. ఆ తరవాత తాయారు. ఆమెకి చెప్పాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు రావాలి. రాకపోతే నేనేమీ అనుకోను అని రాయాలి గానీ, అనుకుంటాను.

నీ
జ్ఞానం


శ్రీకాకుళం,
ఏప్రిల్ 12

ఒసే జ్ఞానం,

క్షేమంగా చేరాను. మీవాళ్లు కట్టిచ్చిన పులిహోర బస్సులోనే అయిపోయింది, పక్కసీటావిడకి కూడా పెట్టాను.

గేటు చూశాను. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు, చాలా పెద్దవి. కళ్లు తిప్పుకున్నాను, మళ్లీ చూశాను, బాధగానే ఉంది. నీ దగ్గర అబద్ధం ఎందుకు? గదులు మాత్రం బాగున్నాయి. గోడకి వీపు ఆనించి కూర్చుంటే చల్లగా ఉంది. ఇక్కడ పిల్లలు తడవరు అనుకున్నాను. ఆ బాధా ఈ సంతోషమూ ఒకదాన్నొకటి తగ్గించుకోలేదు, రెండూ అలాగే ఉన్నాయి.

నీకొకటి చెప్పలేదు. మైకులూ బాజాలూ మొదలవగానే నా మిషను గోలపెట్టింది. తీసి సంచీలో పడేశాను. అందుచేత ఏడో తరగతి వెనక బెంచీలో కూర్చుని నేను చూసిందే తప్ప విన్నది లేదు.

నువ్వు హాజరుపట్టీ తీశావు. నీ పెదాలు కదిలాయి. పిల్లల నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అది నాకు వినాల్సిన పనిలేదు, చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉన్నదే. మామ్మ అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది.

తరవాత మళ్లీ పిలిచావు. తాయారు లోపలికి రాలేదు. కొత్త పట్టుచీరలో, చెప్పులు విడిచి గుమ్మం అవతలే నిలబడింది. దేవేంద్ర పక్క నుంచి వెళ్లమ్మా వెళ్లమ్మా అంటున్నాడు. ఆమె చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి నీ వైపు చూస్తూ ఏదో అంది. నువ్వు పట్టీ ముఖానికి అడ్డం పెట్టుకున్నావు. దేవేంద్ర గోడవైపు తిరిగిపోయాడు. ఒక్క క్షణం ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. అంతలో పిల్లల నోళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పుడామె గడప దాటి వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

జనంలో నిన్ను అడగలేకపోయాను. తాయారుని అడగడానికి సిగ్గేసింది. ఆమె ఏమంది? పిల్లలేమన్నారు? ఫోన్ చేయకు, వినపడదు. రాయి.

సుహాసిని


కంచరవలస,
ఏప్రిల్ 30

సుహా,

ఇవాళే ఆఖరి రోజు. బీరువా తాళాలు షీబాకి ఇచ్చేశాను. పొద్దున్న పిలుపు కూడా ఆమే పిలిచింది, మొదటి పేరు మొదటే పిలిచింది. నేను వరండాలో కూర్చుని విన్నాను. ఇంటికెళ్లి నిద్రపోవాలని ఉంది. ఈ ఉత్తరం ఒక్కటీ బడి బల్ల మీదే రాసి వెళ్తున్నాను.

మన రోజుల్లో ఆలస్యంగా వస్తే ఏం చేసేవాళ్లం? గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. టీచరు రమ్మనేదాకా గడప దాటేవాళ్లం కాదు. మనం మరిచిపోయాం, తాయారు మరవలేదు.

నేను "తాయారు" అని పిలిచాను. ఆమె అంది:

"ఆలీసమైపోనాది టీచర్. లోపలికి రావొచ్చా?"

నేను పట్టీ వెనక ముఖం దాచుకున్నాను సుహా, నువ్వు చూశావు. నేను పలకకపోయేసరికి పిల్లలే పలికారు. వాళ్లకి నేను నేర్పింది ఒక్కటే మాట కదా. అందరూ కలిసి, గురమ్మకి చెప్పినట్టే, అంత గట్టిగానూ చెప్పారు.

"వచ్చింది టీచర్."

నీ
జ్ఞానం